సూరత్ ఖాడీల కాలుష్యం: అనుమతులిచ్చే మండలిపై పర్యవేక్షణ ఎవరిది?

ఇచ్ఛాపూర్ (సూరత్): పరిశ్రమలు వదిలే వ్యర్థజలాలకు పరిమితులు విధించేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. ఆ పరిమితులు దాటినవారిపై చర్య తీసుకోవలసిందీ అదే. అయితే ఆ మండలి తన విధిని సక్రమంగా నిర్వర్తిస్తున్నదా లేదా అన్నది ఎవరు చూడాలి? ఐదు దశాబ్దాల కిందట రూపొందిన చట్టంలో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే ఉంది. ఆచరణలో మాత్రం ఆ సమాధానం చాలా సందర్భాలలో ప్రాణనష్టం జరిగాక, న్యాయస్థానాలు కలుగజేసుకున్నాక గాని అమలులోకి రావడం లేదు. గుజరాత్‌లోని సూరత్ పారిశ్రామిక ప్రాంతం ఇందుకు ఒక నిదర్శనం. ఈ లోపాన్ని సరిదిద్దే మార్గాన్ని కొంతవరకు పరీక్షించి చూపిన ప్రాంతాలలో ఒకటి కూడా సూరతే కావడం విశేషం.

సూరత్ నగరం నుంచి హజీరా వెళ్లే 53వ నంబరు జాతీయ రహదారిపై ఇచ్ఛాపూర్ ఉంది. ఇక్కడ గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పాటు చేసిన వజ్రాభరణాల పారిశ్రామిక వాడ ఉంది. ఇంకా పడమటికి వెళితే హజీరా తీరం వెంబడి ఉక్కు, ఎరువులు, పెట్రోరసాయనాలు, సహజవాయువుకు సంబంధించిన భారీ కర్మాగారాలు కనిపిస్తాయి. నగరానికి దక్షిణాన పండేసర, సచిన్, పల్సానా ప్రాంతాలలో వస్త్రాలకు రంగులద్దే మిల్లులు కేంద్రీకృతమై ఉన్నాయి. ఉత్తరాన తాపీ నది, దక్షిణాన మిండోళా నది. వాటిలోకి నీటిని చేరవేసే చిన్న పాయలను స్థానికులు ఖాడీలు అంటారు. ఏ మిల్లు ఏ నీటిని వదిలినా దాని ప్రభావం మొదట కనిపించేది ఈ ఖాడీలలోనే.

ఈ అంశం తెలుగువారికి దూరమైనది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబాలు తరతరాలుగా సూరత్‌లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నిర్వహిస్తున్నదంటే ఇక్కడి తెలుగు జనాభా ఏపాటిదో ఊహించవచ్చు. వస్త్ర పరిశ్రమే వారి జీవనాధారం. ఆ పరిశ్రమ వదిలే నీటి పక్కనే వారి నివాసం. కాబట్టి మిల్లు మూతపడినా, మిల్లు నీరు విషమైనా ముందుగా నష్టపోయేది వారి వంటి శ్రామిక కుటుంబాలే.

సచిన్‌లో జరిగినదేమిటి?

2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాన్ని మురుగు కాలువలోకి అక్రమంగా వదిలారు. దాని నుంచి వెలువడిన విషవాయువు సమీపంలోని రంగుల మిల్లు కార్మికులను చుట్టుముట్టింది. ఆరుగురు మరణించారు. ఇరవై మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. ఆ వ్యర్థం పొరుగున ఉన్న మహారాష్ట్ర నుంచి వచ్చినట్లు పోలీసు దర్యాప్తులో తేలింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ దుర్ఘటనను తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

ఈ ఘటనలో గమనించదగిన విషయం ఒకటుంది. ఆ మిల్లు కార్మికుల మరణానికి ఆ మిల్లు వదిలిన నీరు కారణం కాదు. వేరొక రాష్ట్రంలో పుట్టిన వ్యర్థం అనుమతి లేకుండా మరొక రాష్ట్రపు కాలువలో కలిసింది. ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడ పుట్టాయి, ఏ వాహనంలో ఎక్కాయి, ఎక్కడ దిగాయి అన్న వివరాలతో కూడిన పత్రం వాహనం వెంట ఉండాలని 2016 నాటి నియమాలు నిర్దేశిస్తున్నాయి. కాగితంపై ఈ గొలుసు తెగకూడదు. కానీ పంపిన రాష్ట్రపు మండలి అధికారం సరిహద్దు వద్ద ఆగిపోతుంది. అందుకొన్న రాష్ట్రపు మండలికి ఆ వాహనం బయలుదేరిన సంగతే తెలియకపోవచ్చు. రెండు మండలుల మధ్య ఖాళీని పూరించవలసింది వాటికి పైన ఉన్న వ్యవస్థ. సచిన్ ఘటన ఆ ఖాళీ ఎంత ప్రమాదకరమో చూపింది.

సమ్మతి పత్రం వెనుక ఉన్న చట్టం

నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లో వచ్చింది. నీరు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. అందువల్ల రాజ్యాంగంలోని 252వ అధికరణ కింద రాష్ట్ర శాసనసభలు తీర్మానాలు చేసి కోరిన తరువాతనే పార్లమెంటు ఈ చట్టం చేసింది. అలా మొదట కోరిన పన్నెండు రాష్ట్రాలలో గుజరాత్ ఒకటి. ఆంధ్రప్రదేశ్ తరువాతి కాలంలో దీన్ని స్వీకరించింది. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 1974లోనే ఏర్పడింది.

ఈ చట్టంలోని 25వ సెక్షన్ ప్రధానమైనది. మండలి ముందస్తు సమ్మతి లేకుండా ఏ పరిశ్రమా వ్యర్థజలాలను వాగులోకి గాని, మురుగు కాలువలోకి గాని, భూమిపైకి గాని వదలరాదు. తెలుగు రాష్ట్రాలలో సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అనే పేర్లతో వాడుకలో ఉన్నవి ఈ సమ్మతి పత్రాలే. మొదటిది కర్మాగారం నెలకొల్పడానికి, రెండవది నడపడానికి. నీటిలో ఏ పదార్థం ఎంత మోతాదుకు మించరాదో ఈ పత్రంలో రాసి ఉంటుంది. ఉదాహరణకు ఉపరితల జలాలలోకి వదిలే నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250 మిల్లీగ్రాములు దాటరాదన్నది సాధారణ జాతీయ ప్రమాణం. ఈ రెండూ నీటిలోని ప్రాణవాయువును హరించే వ్యర్థాల కొలతలు. అవి పెరిగినకొద్దీ చేపలకు ఊపిరాడదు.

అంటే సమ్మతి పత్రం కేవలం ఒక లైసెన్సు కాదు. నదిలో ఎంత కాలుష్యం కలవవచ్చో నిర్ణయించే పత్రం అది. అయితే చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. దరఖాస్తు అందిన నాలుగు నెలలలోగా మండలి ఏ నిర్ణయమూ తీసుకోకపోతే షరతులు లేని సమ్మతి లభించినట్లే భావించాలని 25వ సెక్షన్‌లోని ఏడవ ఉపవిభాగం చెబుతుంది. సిబ్బంది కొరతతో సతమతమయ్యే మండలి మౌనం కూడా అనుమతిగా మారే ప్రమాదం ఇందులో ఉంది.

ఆ కొరత చిన్నదేమీ కాదు. దేశవ్యాప్తంగా రాష్ట్ర మండలుల్లో మంజూరైన పోస్టులలో దాదాపు సగం ఖాళీగా ఉన్నట్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎదుట దాఖలైన వివరాలు వెల్లడించాయి. చట్టపరమైన నమూనా సేకరించడం కూడా శ్రమతో కూడిన పనే. 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్యానికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకొని ప్రయోగశాలకు పంపాలి. ఈ క్రమంలో ఎక్కడ పొరపాటు జరిగినా న్యాయస్థానంలో ఆ సాక్ష్యం నిలవదు. ఇంజనీరు, శాస్త్రవేత్త, వాహనం, ప్రయోగశాల కలిసి ఉంటేనే సమ్మతి పత్రంలోని అంకెకు విలువ ఉంటుంది.

కేంద్రం చేతిలోని అధికారం

రాష్ట్ర మండలి విఫలమైతే ఏం చేయాలో చట్టం విస్మరించలేదు. 18వ సెక్షన్ ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్ర మండలికి ఆదేశాలు ఇవ్వవచ్చు. వాటికి రాష్ట్ర మండలి కట్టుబడి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఆదేశాలు ఇవ్వవచ్చు. ఈ రెండు ఆదేశాలు పరస్పర విరుద్ధంగా ఉంటే కేంద్ర ప్రభుత్వ నిర్ణయమే చెల్లుతుంది. 1988లో చేసిన సవరణ మరింత ముందుకు వెళ్లింది. కేంద్ర మండలి ఆదేశాన్ని రాష్ట్ర మండలి పాటించకపోవడం వల్ల తీవ్రమైన అత్యవసర పరిస్థితి ఏర్పడితే, ఆ ప్రాంతానికి సంబంధించి రాష్ట్ర మండలి విధులను కేంద్ర మండలి స్వయంగా నిర్వర్తించేలా కేంద్రం ఉత్తర్వు ఇవ్వవచ్చు.

ఇది బలమైన అస్త్రమే. కానీ దాన్ని ప్రయోగించడానికి ముందు ఒక ఆదేశం, ఒక ఉల్లంఘన, దాని ఫలితంగా ఒక విపత్తు ఉండాలి. రోజువారీ నిర్లక్ష్యానికి ఈ సెక్షన్ వర్తించదు. ఏటేటా నెమ్మదిగా నల్లబడే ఖాడీ అత్యవసర పరిస్థితి కిందికి రాదు. అందువల్ల కేంద్ర మండలి ఎక్కువగా సాధారణ ఆదేశాల మార్గాన్నే ఎంచుకొంది. 17 అత్యధిక కాలుష్య రంగాల పరిశ్రమలు, ఉమ్మడి శుద్ధి కేంద్రాలు నిరంతరం కొలిచే ఆన్‌లైన్ పరికరాలు అమర్చుకోవాలని 2014 ఫిబ్రవరిలో ఇచ్చిన ఆదేశం అటువంటిది.

కేంద్ర మండలి చేపట్టిన మరొక ప్రయత్నం సమగ్ర పర్యావరణ కాలుష్య సూచిక. 2009లో దేశంలోని 88 పారిశ్రామిక సముదాయాలను అంచనా వేసి, 70 మార్కులు దాటిన 43 ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా ప్రకటించారు. గుజరాత్‌లోని అంకలేశ్వర్, వాపి మొదటి రెండు స్థానాలలో నిలిచాయి. తెలుగు నేల నుంచి పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం ఆ జాబితాలో చేరాయి. అప్పుడు ఆ గీతకు దిగువనే ఉన్న సూరత్ 2018 నాటి అంచనాలో దాన్ని దాటింది. సూచిక రోగాన్ని గుర్తించింది. అయితే ఈ మధ్యకాలంలో జారీ అయిన సమ్మతి పత్రాలు ఎందుకు ఆ రోగాన్ని ఆపలేకపోయాయో వివరించవలసిన బాధ్యత ఎవరిపైనా పడలేదు. పర్యవేక్షణ వ్యవస్థలోని అసలు లోపం ఇదే. ప్రాంతానికి మార్కులు వేస్తున్నాం గాని, ఆ ప్రాంతానికి అనుమతులిచ్చిన సంస్థ పనితీరును కొలవడం లేదు.

హైదరాబాద్ జంట జలాశయాల తీర్పు

మండలి, ప్రభుత్వం ఒకే మాట మీద ఉండకపోతే ఏమవుతుందో తెలుగు ప్రజలకు అనుభవమే. హైదరాబాద్‌కు తాగునీరు అందించే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే నిషేధించింది. ఆ పరిధిలో ఆముదం నూనె ఉత్పన్నాల కర్మాగారానికి మండలి సమ్మతి నిరాకరించింది. అదే ప్రభుత్వం 1997లో ఆ కర్మాగారానికి నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. అప్పీలు అధికార సంస్థ కూడా పరిశ్రమ వైపే మొగ్గింది. మండలి సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

ఏపీ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు మధ్య వ్యాజ్యంగా ప్రసిద్ధి పొందిన ఈ కేసులో 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు రెండు అంశాలను స్పష్టం చేసింది. హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ నెలకొల్పదలచినవారిదే. పర్యావరణ వివాదాలను తేల్చే సంస్థలలో శాస్త్ర నిపుణులు ఉండి తీరాలి. 2000 డిసెంబరులో వెలువడిన తుది తీర్పు ప్రభుత్వమిచ్చిన మినహాయింపు చెల్లదని తేల్చింది. సమ్మతి నిరాకరించిన మండలి నిర్ణయం నిలిచింది.

పటాన్‌చెరు అనుభవం దీనికి భిన్నమైనది. అక్కడి పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలుస్తున్నాయంటూ 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2001లో అది హైకోర్టుకు, ఆ తరువాత హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. తుది తీర్పు 2017లో వచ్చింది. మొదట ఫిర్యాదు చేసిన రైతు కుటుంబాలలో ఒక తరం మారేంత కాలం అది. జంట జలాశయాల కేసులో మండలి గట్టిగా నిలబడటం వల్ల కాలుష్యం పుట్టకముందే ఆగింది. పటాన్‌చెరులో కాలుష్యం పుట్టాక న్యాయస్థానాలే దశాబ్దాల పాటు మండలి పని చేయవలసి వచ్చింది. న్యాయస్థానం చివరి ఆశ్రయం కాగలదు గాని, నిత్య తనిఖీ అధికారి కాలేదు.

ఇదే పరిమితి 2017 ఫిబ్రవరి 22 నాటి సుప్రీంకోర్టు తీర్పులోనూ కనిపిస్తుంది. గుజరాత్‌కు చెందిన పర్యావరణ సురక్షా సమితి దాఖలు చేసిన వ్యాజ్యంలో, సొంత శుద్ధి కేంద్రం పనిచేయని పరిశ్రమకు విద్యుత్ సరఫరా నిలిపివేయాలని, ఉమ్మడి శుద్ధి కేంద్రాల నిర్మాణం మూడేళ్లలో పూర్తి చేయాలని కోర్టు ఆదేశించింది. దేశమంతటికీ వర్తించే తీర్పు అది. అమలును పర్యవేక్షించే బాధ్యత చివరకు హరిత ట్రిబ్యునల్‌పై పడింది.

సూరత్, అహ్మదాబాద్‌లలో జరిగిన ప్రయోగం

మండలికి అందే సమాచారమే తప్పుదైతే ఎంత కఠినమైన షరతు విధించినా ప్రయోజనం ఉండదు. ఈ విషయాన్ని అంకెలతో నిరూపించిన అధ్యయనం గుజరాత్‌లోనే జరిగింది. గుజరాత్ హైకోర్టు 1996లో ఇచ్చిన ఉత్తర్వుల మేరకు అధిక కాలుష్య పరిశ్రమలు ఏటా ప్రైవేటు ఆడిటర్ చేత పర్యావరణ తనిఖీ చేయించుకోవాలి. అయితే ఆడిటర్‌ను ఎంపిక చేసేది, రుసుము చెల్లించేది ఆ పరిశ్రమే. జీతమిచ్చేవారి మీద నివేదిక రాయవలసిన పరిస్థితి అన్నమాట.

ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు మండలి సహకారంతో 2009 నుంచి రెండేళ్లపాటు అహ్మదాబాద్, సూరత్ పరిశ్రమలలో ఒక ప్రయోగం నిర్వహించారు. కొన్ని పరిశ్రమలకు ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించారు. రుసుమును ఉమ్మడి నిధి నుంచి చెల్లించారు. ఆడిటర్ కొలిచిన కొన్నిచోట్ల వేరొక బృందం వెళ్లి మళ్లీ కొలిచింది. పాత పద్ధతిలో ఆడిటర్లు ధూళి కణాల ప్రమాణాన్ని 7 శాతం పరిశ్రమలే ఉల్లంఘిస్తున్నాయని రాయగా, వాస్తవంలో 59 శాతం ఉల్లంఘిస్తున్నట్లు తేలింది. కొత్త పద్ధతిలో తప్పుడు ధ్రువీకరణ 80 శాతం తగ్గింది. నిజం బయటపడుతుందని తెలిసిన పరిశ్రమలు కాలుష్యాన్నీ తగ్గించుకొన్నాయి. 2015లో గుజరాత్ మండలి తన ఆడిట్ పథకాన్ని ఈ అనుభవం ఆధారంగా సంస్కరించింది.

ఇదే రాష్ట్రంలో జరిగిన మరొక అధ్యయనం ఇంకొక హెచ్చరిక చేసింది. కొన్ని పరిశ్రమలలో తనిఖీల సంఖ్యను రెట్టింపు చేసినా కాలుష్యం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఉల్లంఘనలు ఎక్కువగా నమోదైనా, ఆ మేరకు శిక్షలు పెరగలేదు. అధికారులు తమ అనుభవంతో ఎంపిక చేసుకొన్న పరిశ్రమలలోనే తీవ్రమైన ఉల్లంఘనలు ఎక్కువగా బయటపడ్డాయి. ఎన్నిసార్లు వెళ్లారన్నది కాదు, ఎవరి దగ్గరకు వెళ్లారు, వెళ్లాక ఏం చేశారన్నదే ముఖ్యమని దీని సారాంశం.

2019 జులైలో సూరత్‌లోనే ధూళి కణాలకు సంబంధించి ఉద్గారాల క్రయవిక్రయ పథకం మొదలైంది. ఈ కోవలో ప్రపంచంలోనే ఇది మొదటిది. నిరంతర కొలత పరికరాల ఆధారంగా నడిచిన ఈ పథకంలో చేరిన పరిశ్రమలు కాలుష్యాన్ని 20 నుంచి 30 శాతం తగ్గించాయని పరిశోధకులు తేల్చారు. ఇవి ప్రధానంగా గాలికి సంబంధించిన ఫలితాలు. నీటికి యథాతథంగా అన్వయించలేము. పొగగొట్టం ఒక చోట స్థిరంగా ఉంటుంది. ట్యాంకర్ రాత్రికి రాత్రి మరొక కాలువ వెతుక్కొంటుంది. కానీ మూల సూత్రం ఒకటే. కొలిచేవాడు స్వతంత్రుడై, కొలత మళ్లీ పరీక్షకు నిలిచినప్పుడే నియంత్రణ ఫలిస్తుంది.

2024 సవరణతో మారినదేమిటి?

ఈ నేపథ్యంలో 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన జల చట్ట సవరణను పరిశీలించాలి. అనేక ఉల్లంఘనలకు జైలు శిక్షను తొలగించి, 10 వేల రూపాయల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్ణయించారు. సమ్మతి లేకుండా పరిశ్రమ నడపడం మాత్రం నేరంగానే కొనసాగుతుంది. కొన్ని రకాల పరిశ్రమలకు సమ్మతి నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి దక్కింది. రాష్ట్ర మండలి అధ్యక్షుల నియామక విధానాన్ని నిర్దేశించడం, సమ్మతి మంజూరు, నిరాకరణ, రద్దులపై మార్గదర్శకాలు జారీ చేయడం కూడా కేంద్రం పరిధిలోకి వచ్చాయి. ఈ సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. మిగిలిన రాష్ట్రాలలో అమలు కావాలంటే ఆయా శాసనసభల తీర్మానం అవసరం.

సవరణను సమర్థించేవారి వాదనలో బలం ఉంది. చిన్న ఉల్లంఘనకు క్రిమినల్ కేసు పెట్టి ఏళ్ల తరబడి నడపడం కంటే వెంటనే జరిమానా విధించడమే ఎక్కువ ప్రభావం చూపవచ్చు. రాష్ట్రానికో పద్ధతి ఉంటే పరిశ్రమలు నిబంధనలు సడలిన చోటికి తరలిపోతాయి. అధ్యక్షుల నియామకానికి అర్హతలు నిర్ణయించాలని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు సూచించింది.

విమర్శకుల అభ్యంతరమూ తోసిపుచ్చదగినది కాదు. రోజుకు కోట్లలో వ్యాపారం చేసే సంస్థకు 15 లక్షల గరిష్ఠ జరిమానా శుద్ధి ఖర్చు కంటే చవక కావచ్చు. అంతకన్నా మౌలికమైన ప్రశ్న వేరొకటుంది. నియామకాలు, మినహాయింపులు, మార్గదర్శకాలు అన్నీ పత్రం జారీ అయ్యేలోపు ప్రయోగించే అధికారాలు. పత్రం జారీ అయ్యాక ఖాడీలో ఏం జరుగుతున్నదో చూసి, రాష్ట్ర మండలిని నిలదీసే యంత్రాంగం మాత్రం దాదాపు పాతదే. పై అధికారం పెరగడం వేరు, పర్యవేక్షణ పెరగడం వేరు.

2025లో వెలువడిన రెండు పరిణామాలు ఈ లోటును కొంత పూరించే అవకాశం ఉంది. ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నియమాలు నమోదిత ఆడిటర్ల వ్యవస్థను తెచ్చాయి. వారిని యాదృచ్ఛిక పద్ధతిలో కేటాయించాలన్న నిబంధనలో సూరత్, అహ్మదాబాద్ ప్రయోగపు ఛాయ కనిపిస్తుంది. అదే నెలలో సుప్రీంకోర్టు, 33ఏ సెక్షన్ కింద పర్యావరణ నష్టానికి పరిహారం విధించే అధికారం కాలుష్య మండలులకు ఉందని స్పష్టం చేసింది. దీంతో జరిమానా గరిష్ఠ పరిమితికి మించి, జరిగిన నష్టం మేరకు వసూలు చేసే దారి తెరుచుకొంది. అయితే లాటరీలో కేటాయించడం ప్రయోగంలో ఒక భాగం మాత్రమే. ఉమ్మడి నిధి నుంచి చెల్లింపు, మళ్లీ కొలత లేకపోతే ఆ ఫలితం రాదు.

అమెరికా అనుభవం

ఇటువంటి అమరికే అమెరికాలో ఉంది. 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద అనుమతులిచ్చే అధికారాన్ని సమాఖ్య పర్యావరణ సంస్థ 47 రాష్ట్రాలకు అప్పగించింది. ఒక్కొక్క అనుమతి గడువు గరిష్ఠంగా ఐదేళ్లు. ముసాయిదా అనుమతిపై సమాఖ్య సంస్థ 90 రోజులలోగా అభ్యంతరం చెప్పవచ్చు. రాష్ట్రం పూర్తిగా విఫలమైతే అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఒక రాష్ట్రపు కార్యక్రమాన్ని మొత్తంగా వెనక్కి తీసుకొన్న సందర్భం ఇంతవరకు లేదు. మన 18వ సెక్షన్ మాదిరిగానే అక్కడా చివరి అస్త్రం ఒరలోనే ఉంది.

తేడా మరొకచోట ఉంది. అక్కడ అనుమతి ముసాయిదాను ముందే ప్రజల ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకొంటారు. పరిశ్రమలు క్రమం తప్పకుండా సమర్పించే విడుదల నివేదికలు ఎవరైనా చూడవచ్చు. పౌరులు నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. పై సంస్థ మెతకగా ఉన్నా, కింది నుంచి నిఘా ఉంటుంది.

మన చట్టంలోనూ ఆ విత్తనం ఉంది. మండలి ప్రతి సమ్మతి షరతునూ రిజిస్టరులో నమోదు చేయాలని, ఆ విడుదల వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని పరిశీలించవచ్చని 25వ సెక్షన్‌లోని ఆరవ ఉపవిభాగం చెబుతుంది. 60 రోజుల నోటీసు ఇచ్చి పౌరుడు స్వయంగా ఫిర్యాదు చేసే హక్కు 1988 సవరణతో వచ్చింది. మండలిలో ప్రభుత్వాధికారులకు, స్థానిక సంస్థలకు, వ్యవసాయ, మత్స్య, పారిశ్రామిక ప్రయోజనాలకు స్థానం కల్పించిన చట్టం, పరిశ్రమ పక్కన నివసించే కార్మికునికి ప్రత్యేకంగా స్థానం ఇవ్వలేదు. అతనికి మిగిలినది ఈ రిజిస్టరే.

ఇక ముందు గమనించవలసినవి

గుజరాత్‌లోనైనా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనైనా రానున్న కాలంలో మూడు అంశాలు నిర్ణాయకం కానున్నాయి. మొదటిది, రాష్ట్ర మండలుల ఖాళీల భర్తీ. కొలిచే మనిషి లేనిచోట కేంద్రం ఎన్ని మార్గదర్శకాలు పంపినా అవి ఫైళ్లలోనే ఉంటాయి. రెండవది, కొత్త ఆడిటర్లకు రుసుము ఎవరు చెల్లిస్తారు, వారి కొలతలను ఎవరు మళ్లీ పరీక్షిస్తారు అన్నది. మూడవది, కేంద్ర మండలి ఏటా ఒక్కొక్క రాష్ట్రంలో జారీ అయిన సమ్మతి పత్రాలలో కొన్నింటిని ఎంపిక చేసి, పత్రంలోని అంకెను ఖాడీలోని నీటితో పోల్చి, ఆ ఫలితాన్ని ప్రాంతీయ భాషలలో ప్రకటించడం. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న అధికారాలు చాలు.

సూరత్ మిల్లులు మూతపడాలని అక్కడి కార్మికులెవరూ కోరుకోవడం లేదు. నగరపు మురుగునీటిని శుద్ధి చేసి పండేసర మిల్లులకు సరఫరా చేసే ఏర్పాటు 2014 నుంచి నడుస్తున్నది. పరిశ్రమ, నీరు రెండూ నిలిచే మార్గం అసాధ్యం కాదనడానికి అదొక ఉదాహరణ. రాష్ట్రం ఇచ్చిన సమ్మతిని రాష్ట్రమే తనిఖీ చేసుకొని, తన పనితీరుకు తానే మార్కులు వేసుకొనే పద్ధతి మారితే గాని ఆ మార్గం సుగమం కాదు. ఆ మార్పు రానంత కాలం పర్యవేక్షణ భారం న్యాయస్థానాలపై, దాని మూల్యం ఖాడీల ఒడ్డున నివసించే కుటుంబాలపై పడుతూనే ఉంటుంది.